ఆకుపచ్చ సైకిళ్ళ దొంగ

జిల్లాలో నేరాలు తగ్గుముఖం పట్టాయని పెద్దాఫీసువాళ్ళు మురిసిపోతున్న సంవత్సరమది. మెడలో గొలుసులు తెంపుకుపోయేవాళ్ళు తగ్గారు. ఇళ్ళ తాళాలు పగలగొట్టేవాళ్ళు తగ్గారు. తాగి తన్నుకునేవాళ్ళు సైతం, ఏమయిందో ఏమో, ఒకటి రెండు దెబ్బలతో సరిపెట్టుకుని బుద్ధిగా ఇళ్ళకు పోతున్నారు. అన్నీ ఇలా దారికొస్తుంటే సైకిళ్ళ దొంగతనాలు ఒక్కటే నెలనెలా పెరుగుతూ వచ్చాయి. పోనీ జిల్లా అంతటా పెరిగాయా అంటే అదీ లేదు. పెరిగిందంతా ఒకే ఒక్క స్టేషన్లో. ఆ స్టేషన్ మన హెడ్డమ్మది.

హెడ్డమ్మ అంటే ఆ స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పలకరింపు గట్టిగా ఉంటుంది, మనసు మెత్తగా ఉంటుంది. ఈ రెండో సంగతి బయటపడకుండా ఉండటానికి మొదటిదాన్ని ఇంకాస్త గట్టి చేసుకుంటుంది. అయినా వీధిలో చిన్నపిల్లలకు కూడా ఆవిడ గుట్టు తెలుసు. ఆవిడకు మాత్రం అది తెలియదు.

ఆవిడ పైన ఎస్సై. ఉద్యోగం కొత్త, మీసం కొత్త, ఉత్సాహం మరీ కొత్త. తన గదిలో గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, సైకిళ్ళ దొంగతనాలకు నెలకొక నిలువు గీత రంగు పెన్నులతో గీస్తూ వచ్చాడు. ఆ గీతలు మేడమెట్లలా పైకి పోతున్నాయి. పోయినవన్నీ ఊళ్ళో నూలు మిల్లులో పనిచేసేవాళ్ళవి. అన్నీ మిల్లు సైకిల్ స్టాండులోంచి పోయినవే.

శనివారం మధ్యాహ్నం ఎస్సై హెడ్డమ్మను పిలిచి ఆ కాగితం ముందు నిలబెట్టాడు.

"చూశారా హెడ్డమ్మా ఈ మెట్లు! సోమవారం పెద్దాఫీసులో మీటింగు. ఈ మెట్లు ఎక్కించి మరీ నన్ను కిందికి తోసేస్తారు."

"తొయ్యరు సార్. మహా అయితే నాలుగు తిట్లు తిడతారు."

"అవి మాత్రం ఎందుకు తినాలి? మన దగ్గర పిల్లి ఉన్నాడుగా. రేపు సాయంత్రం జీపులో వేసుకురండి. పాత దొంగను విచారిస్తున్నామని చెబితే మీటింగులో నా పరువు దక్కుతుంది."

పిల్లి ఒకప్పుడు జిల్లాలోనే పేరుమోసిన సైకిళ్ళ దొంగ. చప్పుడు కాకుండా నడుస్తాడు కాబట్టి ఆ పేరు. అతన్ని చాలాసార్లు పట్టుకున్నది హెడ్డమ్మే. చివరిసారి జైలు నుంచి వచ్చినప్పుడు చెవి పట్టుకున్నంత పని చేసి, మిల్లు ఎదుట సందు మొగలో గాలిపంపూ రెంచీలూ ఇప్పించి కూర్చోబెట్టింది. "పరాయి సైకిలు ఎత్తుకుపోనంతకాలం నిన్ను మా స్టేషన్ గడప తొక్కనివ్వను. ఇది నా మాట" అంది. ఆవిడ మాట ఆవిడ నిలబెట్టుకుంది, అతని బుద్ధి అతను నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళు రిపేరుకిచ్చిన సైకిళ్ళు రాత్రికి అతని దగ్గరే వదిలేసి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతున్నారు. అలాంటి మనిషిని నలుగురూ చూస్తుండగా ఒక్కసారి జీపెక్కిస్తే చాలు, మళ్ళీ ఎవరూ ఆ కొట్టు మెట్టెక్కరు. అన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే.

"వాడు మారిపోయాడు సార్."

"మారాడని మీకెలా తెలుసు?"

"నాకు తెలుసు."

"పెద్దాఫీసులో ఆ మాట చెప్పమంటారా? హెడ్డమ్మకు తెలుసట అని?"

"రేపు సాయంత్రం దాకా ఆగండి సార్" అంది.

"ఆగుతాను. అన్నట్టు, ఆ స్టాండు ఫొటో ఒకటి కావాలి. మీటింగులో చూపించాలి. జనం లేకుండా ఖాళీగా, శుభ్రంగా రావాలి సుమా."

"రేపు మిల్లు మూత సార్. బాయిలరు కడిగే రోజు. సంవత్సరానికి ఆ ఒక్కరోజే ఆపుతారు. ఖాళీగానే వస్తుంది."

స్టేషన్లోంచి ఆవిడ నేరుగా పిల్లి కొట్టుకు వెళ్ళింది. అతను ఒక చక్రం గిర్రున తిప్పుతూ, వంకర ఎక్కడుందో ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఉన్న సంగతి దాచకుండా చెప్పేసింది. అతను చక్రం ఆపాడు.

"ఎప్పుడు రమ్మంటారు మేడమ్?"

"రమ్మనడానికి రాలేదు. ఈ సైకిళ్ళ గొడవలో నీకేమైనా తెలిస్తే చెప్పు. ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

పిల్లి నోరు తెరిచాడు. ఏదో పెదవి దాకా వచ్చింది. మళ్ళీ నోరు మూసుకుని చక్రం చేతిలోకి తీసుకున్నాడు.

"నాకేం తెలుసు మేడమ్" అన్నాడు నేల చూపులు చూస్తూ.

హెడ్డమ్మ ఇన్నేళ్ళ ఉద్యోగంలో అబద్ధాలు చెప్పే మొహాలు కావలసినన్ని చూసింది. ఎదురుగా ఉన్నది అలాంటి మొహమే. వీడు ఏదో దాస్తున్నాడు అనుకుంది ఆవిడ. టీ తాగి వెళ్ళమని అతను అంటున్నా వినిపించుకోకుండా ఇంటిదారి పట్టింది. కొంపదీసి వీడేనా? ఆ మాట మనసులోకి వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. తిట్టుకున్నా అది పోలేదు.

ఇంట్లో ఆవిడ భర్త అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ఆయనా ఆ మిల్లులోనే పని. మనిషి బంగారం, ధ్యాస మాత్రం ఎప్పుడూ ఇంకెక్కడో. ఆరోజు కూడా ఎవరిదో టిఫిన్ క్యారియరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది మనది కాదండీ."

"కాదూ? మూత తియ్యడానికి రావట్లేదేమా అనుకున్నాను."

"ఎవరిదో ఆకలితో తిట్టుకుంటూ ఉంటాడు పాపం."

"ఖాళీదిలే, అన్నం తిన్నాకే మారింది" అన్నాడాయన ఏ బెంగా లేకుండా. భోజనాల దగ్గర హెడ్డమ్మ మొహం చూసి, ఏమైందని అడిగి, అంతా విన్నాడు. "ఎవడోగానీ వాడికి భయం ఉందోయ్. ఇంతమంది సైకిళ్ళు పోయాయి, నా సైకిలు జోలికొచ్చాడా? హెడ్డమ్మ మొగుడి సైకిలు ముట్టుకునే మగాడు ఈ జిల్లాలో పుట్టలేదు."

"మీ సైకిలు ఎవడికి కావాలి లెండి."

"అదీ నిజమేలే. అది నాకే పనికిరావట్లేదు. వయసు మీద పడుతోందేమో, కుంగిపోతున్నానోయ్. ఆమధ్య ఉన్నట్టుండి పెడల్ అందక సీటు దింపించుకున్నాను."

ఇంకో రోజైతే హెడ్డమ్మ ఆ మాట పట్టుకుని ఆయన్ని ఆట పట్టించేది. ఆరోజు నవ్వే ఓపిక లేక కంచాలు తీసేసింది.

మర్నాడు పొద్దున్నే ఫొటో కోసం మిల్లుకు వెళ్ళింది. ఎప్పుడూ హోరెత్తిపోయే మిల్లు నోరు మూసుకుని ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. సైకిల్ స్టాండు చూసుకునేది కూడా అతనే. హెడ్డమ్మ స్టాండు ముందు నిలబడి ఫోను ఎత్తింది. వెనక వరసలో సైకిళ్ళు అడ్డం వచ్చాయి. పక్కకు జరిగింది. అక్కడా అడ్డమే.

"ఖాళీ స్టాండు ఫొటో కావాలయ్యా. ఇవి ఎవరివో తీసెయ్యమను."

"ఎవర్ని తియ్యమనమంటారు మేడమ్? అవి ఎప్పుడూ ఉండేవేగా."

"మిల్లు నడుస్తుంటే ఉంటాయి. ఇవాళ బాయిలరు కడిగేవాళ్ళు కూడా ఇంకా రాలేదు, లోపల పురుగు కూడా లేదు కదా."

"లేదు మేడమ్."

"మరి ఈ సైకిళ్ళు ఎవరివి?"

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. గోక్కుంటూ సైకిళ్ళ వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

హెడ్డమ్మ ఫోను జేబులో పెట్టి దగ్గరికి వెళ్ళింది. డజనుకు పైనే ఉన్నాయి. అన్నీ ఆకుపచ్చవి. సీట్ల మీద దుమ్ము మందంగా పేరుకుంది, టైర్లలో గాలి లేదు, చువ్వల మధ్య సాలెగూళ్ళు అల్లుకున్నాయి. ఆ పచ్చ సైకిళ్ళు ఊళ్ళో ఎవరికి తెలియవు! మిల్లు పెట్టి యాభై ఏళ్ళు నిండాయని యాజమాన్యం పనివాళ్ళందరికీ తలా ఒకటి ఇచ్చింది. ఒకే రంగు, ఒకే ఎత్తు, ఒకే బెల్లు. గోడ మీది మెట్లు మొదలైంది ఎప్పుడు? సైకిళ్ళు ఇచ్చిన మరుసటి నెలే. ఈ సంగతి తన బుర్రకు ఎందుకు తట్టలేదా అని హెడ్డమ్మ నాలుక కరుచుకుంది.

"ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కేటప్పుడు నువ్వేం చేస్తావు?"

"జాగా చేస్తాను మేడమ్. కొత్తగా వచ్చేవాళ్ళకు ముందు చోటుండాలిగా. లోపలున్నవాళ్ళవి వెనక్కి నెడతాను."

"ఎవరివి ఎటు నెట్టావో వాళ్ళకు చెబుతావా?"

"అంత తీరికెక్కడిది మేడమ్? వాళ్ళే వెతుక్కుంటారు."

"నీకూ పచ్చ సైకిలుందిగా. దాని తాళంచెవి ఇలా ఇయ్యి."

మొదటి సైకిలుకు పెడితే తిరగలేదు. రెండోదానికీ తిరగలేదు. మూడోదానికి టక్కుమని తెరుచుకుంది. వాచ్‌మన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నేను దొంగను కాదు మేడమ్! పిల్లల మీద ఒట్టు!"

"నువ్వు కాదయ్యా. అసలు దొంగే లేడు" అంది హెడ్డమ్మ. ఎన్నాళ్ళకో నవ్వింది.

జరిగింది చాలా మామూలు సంగతి. పని దిగిన మనిషి అలిసిపోయి, నిద్రకళ్ళతో స్టాండుకు వస్తాడు. కాస్త అటూ ఇటూగా కనపడిన పచ్చ సైకిలుకు తాళంచెవి పెడతాడు. అవి నాలుగైదు అచ్చుల్లో పోసిన చవక తాళాలు. తెరుచుకుంటే అది తనదే అనుకుని ఎక్కి వెళ్ళిపోతాడు. తరవాత వచ్చినవాడు తన సైకిలు ఉండవలసిన చోట లేకపోయేసరికి, పోయిందో అని లబోదిబోమంటూ స్టేషనుకు పరిగెడతాడు. మొదటివాడి సైకిలు వెనక వరసలో దిక్కు లేకుండా ఉండిపోతుంది. స్టాండు ఎప్పుడూ ఖాళీ అవదు కాబట్టి, ఎవరూ ఎక్కని సైకిలు ఒకటుందని ఎవరికీ తెలియదు.

హెడ్డమ్మ ఫోను చేస్తే ఎస్సై పరుగున వచ్చి, సాలెగూళ్ళు చూసి, ముక్కున వేలేసుకున్నాడు. కానీ కుర్రవాడు తేలిగ్గా మెత్తబడే రకం కాదు. "సరే, పచ్చ సైకిలున్న ప్రతివాణ్ణీ సాయంత్రం మిల్లు మైదానానికి రమ్మందాం. ఎవరి సైకిలు వాళ్ళకు చేరితే సంతోషం. ఒక్క ఫిర్యాదు మిగిలినా ఇది మీ ఊహే అనుకుంటాను. పిల్లి జీపెక్కుతాడు" అన్నాడు. హెడ్డమ్మ ఒప్పుకోక ఏం చేస్తుంది?

మైకులో చెప్పించారు. సాయంత్రానికి మైదానమంతా పచ్చబడింది. పెళ్ళికి వచ్చినట్టు ఇంటిల్లిపాదీ వచ్చారు. స్టాండులోవి దుమ్ము దులిపి ఒక వరసలో పెట్టారు. పిల్లిని కూడా రమ్మన్నాడు ఎస్సై. ఎలాగూ వచ్చాను కదా అని అతను పంపు తీసుకుని, చతికిలబడ్డ టైర్లకు గాలి కొడుతూ కూర్చున్నాడు.

కాసేపటికి ఒకామె "ఇదిగో, మా చంటిది అంటించిన పువ్వు బొమ్మ!" అని ఎవరి సైకిలు మడ్‌గార్డునో పట్టుకుని అరిచింది. అంతే, గోల మొదలైంది. ఇంకొకడు పెడల్ వంకర చూసి తనది గుర్తుపట్టాడు. "ఇన్నాళ్ళూ నా దాన్ని తొక్కుతున్నది నువ్వట్రా బావా!" అని ఒకడు ఇంకొకడి వీపు మీద చరిచాడు. ఆ బావ తనది వరసలో వెతుక్కుని, బెల్లు కొట్టి చూసి, అచ్చం అదే మోత అని పొంగిపోయాడు. ఒక్కో జత కలిసినప్పుడల్లా ఎస్సై ఒక్కో ఫిర్యాదు కొట్టేస్తున్నాడు. కొట్టేసినప్పుడల్లా మీసం దువ్వుకుంటున్నాడు. హెడ్డమ్మకు నెత్తిన పాలు పోసినట్టయింది.

చివరికి ఒక సైకిలు, ఒక మనిషి మిగిలారు. ఆ మనిషి మిల్లులో ఫిట్టరు, తాటిచెట్టంత పొడుగు. అందరికంటే ముందు ఫిర్యాదు ఇచ్చింది ఆయనే. గోడ మీది మెట్లలో మొదటి మెట్టు ఆయనది. వరసలో మిగిలిన సైకిలుకు సీటు బాగా కిందికి ఉంది. ఆయన ఎక్కితే మోకాళ్ళు హ్యాండిలుకు తగిలాయి. జనం నవ్వారు.

"ఇది నాది కాదు సార్. నా సీటు ఎత్తుగా ఉంటుంది. మడ్‌గార్డు ఊగకుండా రాగి తీగ చుట్టాను."

మైదానంలో ఉన్న సైకిళ్ళన్నీ వెతికించారు. రాగి తీగ ఉన్నది ఎవరి దగ్గరా లేదు.

ఎస్సై పెన్ను జేబులో పెట్టాడు. "మాటంటే మాటే కదా హెడ్డమ్మా" అన్నాడు. ఆ మాట అనడం అతనికీ ఇష్టం లేనట్టే ఉంది. "ఇదొక్కటైనా దొంగతనం అన్నమాట. పిల్లీ, జీపెక్కు."

పిల్లి పంపు పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని లేచాడు. నేను కాదు మొర్రో అనలేదు. హెడ్డమ్మ వైపు చూడనైనా లేదు. చప్పుడు లేకుండా జీపు వైపు నడిచాడు. ఇంత నిబ్బరంగా ఎలా వెళుతున్నాడు వీడు? ఏదో తెలిసినవాడే ఇలా వెళతాడు అనుకుంది హెడ్డమ్మ. అప్పుడే ఒకటి గమనించింది. మైదానం బయట, జీపుకు పోయే దారిలో టీ బండి ఉంది. అక్కడ తన భర్త పచ్చ సైకిలు మీదే కూర్చుని, ఒక కాలు నేలమీద ఆనించి, లోకం పట్టనట్టు టీ తాగుతున్నాడు. పిల్లి తిన్నగా పోవలసినవాడు కాస్తా ఆ బండి దగ్గర మొహం అటు తిప్పుకుని, చుట్టూ తిరిగి వెళ్ళాడు.

ఆమధ్య ఉన్నట్టుండి పెడల్ అందక సీటు దింపించుకున్నాను.

నిన్న భోజనాల దగ్గర ఆయన అన్న మాట. ఎవరి దగ్గర దింపించుకుని ఉంటాడు? ఊళ్ళో ఉన్నది ఒక్కటే సైకిల్ షాపు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే తన పరువు ఈ మైదానంలోనే పోతుంది. ఆ రెండు ఆలోచనలూ వచ్చినంత సేపు కూడా ఆవిడ ఆగలేదు. గబగబా టీ బండి దగ్గరికి వెళ్ళి, "దిగండి" అంది.

"టీ అవనీవోయ్."

"దిగండి ముందు!"

ఆయన దిగాడు. హెడ్డమ్మ సైకిలు తిప్పి చూసింది. వెనక మడ్‌గార్డు కింద, బురద కొట్టుకుపోయి ఉన్నా, తీగ చుట్లు కనపడ్డాయి. గోటితో గీకితే రాగి మెరిసింది.

"ఎస్సైగారూ!" అని కేకేసింది. మైదానమంతా వినపడింది. "పిల్లిని ఆపండి. ఫిట్టరుగారి సైకిలు దొరికింది. నెలల తరబడి మా ఇంట్లోనే ఉంది. ఇదిగో, తొక్కుతున్నది మా ఆయన."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన మైదానం విరగబడి నవ్వింది. ఎస్సై నవ్వాపుకుందామని మీసం చాటు చేసుకున్నాడు గానీ, అంత మీసం ఇంకా రాలేదు. ఫిట్టరు సీటు పైకి లాగించుకుని ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చాడు. హెడ్డమ్మ భర్త వరసలో మిగిలిన సైకిలు ఎక్కాడు. తాళం తెరుచుకుంది, పెడల్ కాలికి అందింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావుటోయ్! నేను కుంగిపోలేదు!"

జనం వెళ్ళిపోయాక హెడ్డమ్మ సందు మొగకు వెళ్ళింది. పిల్లి రెంచీలు సర్దుకుంటున్నాడు. ఆవిడ అతని ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"సీటు దింపినరోజే నీకు తెలుసు కదూ, అది మా సైకిలు కాదని?"

"తెలుసు మేడమ్. సార్ సైకిలుకు తీగ ఎక్కడిది!"

"మరి నిన్న అడిగితే నాకేం తెలుసన్నావేంరా? జీపు దాకా నడిచావు. ఒక్క మాట చెబితే పోయేది కదా."

పిల్లి కాసేపు రెంచీని తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఆ మాట నా నోట్లోంచి వస్తే జనం ఏమంటారు మేడమ్? హెడ్డమ్మ ఇంట్లో దొంగ సైకిలుంది, అందుకే దొంగను వెనకేసుకొస్తోందంటారు. సార్ తెలియక తెచ్చుకున్నారని ఎవరు నమ్ముతారు? నేను నాలుగు రోజులు లోపల ఉండి వచ్చినా నాకు కొత్తేం కాదు. మాట పడటం మీకు అలవాటు లేదు."

ఇన్నేళ్ళూ హెడ్డమ్మ అతన్ని తను కాపాడుతున్నాననుకుంది. నిన్న ఇదే చోట నిలబడి, ఈ మొహం చూసే, కొంపదీసి వీడేనా అనుకుంది. సిగ్గు వేసింది, ఏడుపూ వచ్చింది. సిగ్గును దాచుకుంది గానీ ఏడుపు దాగలేదు. పిల్లి అటు తిరిగి, అవసరం లేకపోయినా ఒక టైరుకు గాలి కొట్టాడు.

"నిన్న నిన్ను అనుమానించానురా" అంది చివరికి.

"పోలీసువాళ్ళు కదా మేడమ్, ఆ మాత్రం అనుమానించకపోతే ఎలా?" అన్నాడు నవ్వుతూ.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, గొంతు మళ్ళీ గట్టి చేసుకుని లేచింది.

"రేపు స్టేషనుకు రా."

పిల్లి చేతిలో పంపు ఆగిపోయింది.

"టీ తాగడానికి రమ్మంటున్నానురా. ఎస్సైగారు పిలవమన్నారు. ఆయన మీటింగు నుంచి వచ్చేసరికి ఉండు. ముందు గుమ్మంలోంచే రా, కుర్చీలో కూర్చో."

పిల్లి పంపు కింద పెట్టాడు.

"మీరు నన్ను స్టేషన్ గడప తొక్కనివ్వనని మాటిచ్చారు మేడమ్. ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నారు. టీ కోసం ఎందుకు పాడుచేసుకోవడం? ఎస్సైగారినే ఇక్కడికి తీసుకురండి, నేనే ఇప్పిస్తాను" అన్నాడు.